‘మాకు తెల్వదు’ అనే మాట ఎప్పుడు పోతుంది?

విప్లవం ఎట్లా మొదలవుతుందో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. అది ఎట్లా ముగుస్తుందో, ముగిసిన తర్వాత ఎవరి చేతిలో ఏం మిగులుతుందో చెప్పేవి తక్కువ. ఎవరి పేరు మీద పోరాటం జరిగిందో వాళ్ళ వైపు నుంచి ఆ లెక్క చూసినవి ఇంకా తక్కువ. రామగిరి, గోదావరిఖని, మంథని చుట్టుపక్కల ఊళ్ళలో, గోదావరి ఆవలి గూడేల్లో పుట్టి పెరిగిన మనకు ఈ లెక్క వేరేవాళ్ళు చేసిపెట్టరు. మనమే కూర్చొని చేసుకోవాలి.

ఇప్పుడే ఎందుకంటే, ముగింపు వార్తలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అబూజ్‌మడ్ అడవిలో కాల్పుల్లో చనిపోయారు. అక్టోబరు నెలలో మన పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాలరావు మరో అరవై మందితో కలిసి గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. ఆయన అన్న కోటేశ్వరరావు 2011 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లో చనిపోయారు. వేణుగోపాలరావు లొంగిపోయిన కొద్ది రోజులకే జగదల్‌పూర్‌లో రెండు వందల మందికి పైగా లొంగిపోయారు. నవంబరు 18న సుక్మా జిల్లా పువర్తి గ్రామానికి చెందిన ఆదివాసి మాడ్వి హిడ్మా మారేడుమిల్లి అడవిలో కాల్పుల్లో మరణించారు. 2026 మార్చి 31 నాటికి మావోయిజం లేకుండా చేస్తామని కేంద్ర ప్రభుత్వం గడువు పెట్టింది.

పెద్దపల్లి జిల్లాలో ఇవి దూరపు వార్తలు కావు. ఇక్కడి ఊళ్ళలో ఎవరింట్లోనో ఒకరు అటు పోయినవారు ఉన్నారు, ఎవరింట్లోనో ఒకరు పోలీసు ఉద్యోగం చేసినవారు ఉన్నారు, ఆ రెండింటి మధ్య నలిగిపోయినవారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. బడిలో పెద్ద తరగతుల పిల్లలు సూటిగానే అడుగుతున్నారు: “సార్, అయిపోయినట్టేనా?” ఈ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పి తప్పించుకోలేం. అయిపోయిందని చెప్పే హక్కు ఎవరిది అన్నది ముందు తేల్చుకోవాలి.

లోకంలో ముగింపులు

ఫ్రాన్సు విప్లవం 1789లో మొదలైంది. పాతికేళ్ళు తిరగకముందే, 1814లో, మళ్ళీ రాజే గద్దె ఎక్కాడు. పైకి చూస్తే విప్లవం ఓడిపోయినట్టే. కాని తిరిగివచ్చిన రాజు కూడా ఒక పని చెయ్యలేకపోయాడు. విప్లవకాలంలో చర్చి నుంచి, దేశం విడిచి పారిపోయిన దొరల నుంచి తీసుకొని అమ్మిన భూములను వెనక్కి ఇప్పించలేకపోయాడు. ఆ భూములు కొన్నవాళ్ళవేనని తన శాసనంలోనే రాయించాల్సివచ్చింది. రైతులు దొరలకు కట్టిన పాత పన్నులు మళ్ళీ రాలేదు. అక్కడ జెండా ఓడింది, భూమి నిలిచింది.

హైతీ కథ దీనికి తిరగబడినట్టు ఉంటుంది. చెరకు తోటల్లో బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్ళు పోరాడి గెలిచారు. 1804లో స్వతంత్రం ప్రకటించుకున్నారు. ఇంత స్పష్టమైన గెలుపు చరిత్రలో అరుదు. అయితే 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, మీరు స్వేచ్ఛ పొందినందువల్ల మా యజమానులు నష్టపోయారు, పదిహేను కోట్ల ఫ్రాంకులు కట్టమంది. తర్వాత ఆ మొత్తాన్ని తగ్గించారు గాని, దానికోసం చేసిన అప్పులు తీర్చడానికి హైతీకి 1947 దాకా పట్టింది. అక్కడ జెండా గెలిచింది, ఆ గెలుపు ఖరీదును మనవలు, మునిమనవలు కట్టారు.

మూడోది మనకు దగ్గరది, నేపాల్. 1996లో మొదలైన సాయుధ పోరాటం 2006 నవంబరులో శాంతి ఒప్పందంతో ఆగింది. 2008లో రాచరికం పోయి గణతంత్రం వచ్చింది. తుపాకి పట్టినవాళ్ళ నాయకులు ప్రధానమంత్రులయ్యారు. అయినా ఆ యుద్ధంలో మాయమైనవాళ్ళ ఇళ్ళలో మాత్రం అది ముగియలేదు. బర్దియా జిల్లాలో మాయమైనవాళ్ళలో ఎక్కువమంది థారూ ఆదివాసులు. నిజాలు తేల్చడానికి 2015లో కమిషన్లు వేశారు. పదేళ్ళు దాటినా కుటుంబాలు ఎదురుచూస్తూనే ఉన్నాయి. మనిషి ఉన్నాడో లేడో తెలియకపోతే కర్మ చెయ్యలేరు, బొట్టు తియ్యలేరు, భూమి పేరు మార్చుకోలేరు.

ఈ మూడు కథల నుంచి మనం తీసుకోవాల్సింది ఒక కొలత. విప్లవం గెలిచిందా ఓడిందా అన్నది పై లెక్క. భూమి ఎవరి చేతిలో ఉంది, ఖరీదు ఎవరు కడుతున్నారు, చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఎవరు పలుకుతున్నారు అన్నది అసలు లెక్క.

మన ముగింపులు

ఈ కొలతతోనే మన దగ్గర జరిగినవి చూద్దాం.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమును, ఆయన సహచరులను నిజాం పోలీసులు కాల్చి చంపారు. సర్కారు దృష్టిలో అక్కడితో తిరుగుబాటు ముగిసింది. అయితే ఇది ఎందుకు జరిగిందో తెలుసుకోవాలన్న భయం సర్కారుకు పట్టుకుంది. ఆ భయం నుంచే మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ మార్లవాయికి వచ్చారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. ఆదిలాబాద్ అడవుల్లో లక్ష ఎకరాలకు పైగా భూమికి ఆదివాసుల పేరు మీద పట్టాలు ఇచ్చారు. బతికున్న భీముకు దక్కనిది, చనిపోయిన భీము వల్ల కొంత దక్కింది. తర్వాత ఏమైంది? పైనుంచి వచ్చిన ఆ శ్రద్ధ ఒక తరం కూడా నిలవలేదు. బయటినుంచి వలసలు వచ్చాయి, అప్పులు వచ్చాయి, పట్టాలు చేతులు మారాయి. హైమండార్ఫే డెబ్బయ్యో దశకంలో తిరిగివచ్చి చూసి, తాము కట్టినదంతా ఎట్లా కూలిందో రాశారు.

తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరులో ఆగింది. ఆపుతున్నామని ప్రకటించింది కమ్యూనిస్టు పార్టీ. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చిన తర్వాత దళాలు మైదానం వదిలి గోదావరి అడవుల్లోకి వచ్చాయి. అక్కడ వాళ్ళకు అన్నం పెట్టింది, దారి చూపింది కోయలు. దళాలకు తిండి అందకుండా చెయ్యాలని సైన్యం గూడేలను ఖాళీ చేయించి, మనుషులను క్యాంపుల్లో కుక్కింది. మొత్తం పోరాటంలో నాలుగు వేలమంది దాకా చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఫలితాలూ ఉన్నాయి. వెట్టి వెన్ను విరిగింది. 1949లో జాగీరులు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే నెహ్రూకంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. మైదానం రైతుకు ఆ పోరాటం ఓటుగా, కౌలు హక్కుగా మారింది. క్యాంపు నుంచి కాలిపోయిన గూడేనికి తిరిగివచ్చిన కోయకు అది దేనిగా మారింది? చరిత్ర పుస్తకాల్లో ఆ జవాబు ఒకటి రెండు పేరాలకు మించదు.

శ్రీకాకుళంలో 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. అక్కడినుంచి మంట లేచింది. 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోవడంతో ఆ పోరాటం దాదాపు ముగిసింది. అదే ఏడాది ఫిబ్రవరి 3 నుంచి 1/70 చట్టం అమల్లోకి వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారకూడదని, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని అనుకొని విచారణ మొదలుపెట్టాలని ఆ చట్టం చెబుతుంది. 1959 నాటి పాత చట్టానికి పళ్ళు వచ్చింది అప్పుడే. చట్టం వచ్చిన పదకొండేళ్ళకు, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో తమ భూమి సంగతి చెప్పుకోవడానికి సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. సర్కారు చెప్పిన లెక్క పదముగ్గురు. ఊళ్ళు చెప్పే లెక్క అంతకు చాలా ఎక్కువ. చట్టం కాగితం మీద అంత బలంగా ఉండగా, దాన్ని అడగడానికి వచ్చినవాళ్ళు ఎందుకు చచ్చిపోవాల్సివచ్చింది?

ఈ కథలన్నీ పక్కపక్కన పెడితే ఒక వరస కనపడుతుంది. మంట లేస్తుంది. సర్కారు దాన్ని ఆర్పుతుంది. మళ్ళీ లేవకూడదన్న భయంతో ఒక చట్టం చేస్తుంది. కొన్నాళ్ళకు భయం పోతుంది, భయంతో పాటు చట్టమూ నిద్రపోతుంది. ఈ వరస మన దగ్గరే కాదు. బిర్సా ముండా 1900లో రాంచీ జైలులో చనిపోతే, ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం 1908లో వచ్చింది. అక్కడా ఆ చట్టాన్ని నిలుపుకోవడానికి తరాల తరబడి కాపలా కాయాల్సివస్తున్నది.

బాయిల దగ్గర ముగింపు

మన బొగ్గుబాయిల దగ్గర ముగింపు ఇంకో తీరుగా వచ్చింది. దాన్ని వేరుగా చూడాలి.

1871లో ఇల్లందు దగ్గర, కోయల నేలలో, బొగ్గు ఉన్నదని డాక్టర్ కింగ్ కనిపెట్టాడు. అక్కడి సింగరేణి ఊరిపేరే కంపెనీ పేరయింది. కొత్తగూడెం, బెల్లంపల్లి, తర్వాత మన రామగుండం దాకా బాయిలు వచ్చాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి మీద, దొరల గడీల మీద లేచిన ఆ గాలి బాయిల మీదికీ వచ్చింది. ఒక్కరోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే పద్ధతి మీద 1981లో పెద్ద సమ్మె జరిగింది. ఆ రోజుల్లోనే సింగరేణి కార్మిక సమాఖ్య, మన జనం నోట ‘సికాస’, పుట్టింది. తరువాతి పది పదిహేనేళ్ళు గోదావరిఖని గల్లీల్లో సమ్మె, ఎన్‌కౌంటర్, హత్య అన్నవి రోజువారీ మాటలయ్యాయి.

అక్కడ అది ఎట్లా ముగిసింది? కాల్పులు ఒక కారణం. 1998లో రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నికలు రావడం ఇంకో కారణం. కార్మికుడి మాటకు బయట ఒక తోవ దొరికింది. మూడో కారణాన్ని ఎక్కువమంది లెక్కపెట్టరు. తొంభయ్యో దశకం మొదట్లో లక్ష దాటిన పర్మినెంటు కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. అప్పుడు ఏడాదికి సుమారు రెండు కోట్ల టన్నులు తీసిన కంపెనీ 2023-24లో ఏడు కోట్ల టన్నులు తీసింది. భూగర్భ బాయి పోయి ఓపెన్‌కాస్టు వచ్చింది. మనిషి చేతిలో ఉన్న తట్టాచెమ్మస్ పోయి యంత్రం వచ్చింది, దాని పక్కన కాంట్రాక్టు కార్మికుడు వచ్చాడు. కలిసి బాయి దిగి, కలిసి బాయి ఎక్కే మనుషుల గుంపే చెదిరిపోయింది.

అంటే ఒక పోరాటం ఓడిపోకుండానే, గెలవకుండానే ముగిసిపోవచ్చు. అది నిలబడ్డ నేల కిందినుంచి జారిపోతే చాలు. ప్రశ్న మాత్రం వేషం మార్చుకొని నిలిచే ఉంది. అప్పుడు జీతం గురించి అడిగేవాళ్ళం. ఇప్పుడు ఊరు ఎక్కడికి పోవాలి, నీళ్ళు ఎక్కడికి పోయినయి, పేలుడుకు గోడ ఎందుకు పగిలింది, మట్టిదిబ్బ ఇంకెంత ఎత్తుకు పెరుగుతుంది అని అడుగుతున్నాం.

తుపాకి సంగతి

ఇక గట్టి ప్రశ్న. భయం వల్లనే చట్టాలు వచ్చాయంటే, తుపాకి న్యాయమైనట్టేనా? మన యువకులు దీన్ని దాచుకోకుండా అడుగుతారు. మనమూ దాచుకోకుండానే మాట్లాడాలి.

ఒక వైపువాళ్ళు అంటారు: అన్నలు లేకపోతే తునికాకు కట్టకు ధర పెరిగేదా? జంగ్లాతోళ్ళ మామూళ్ళు ఆగేవా? దొర ముందు చెప్పులు వేసుకొని నడిచేవాళ్ళమా? ఈ మాటల్లో నిజం ఉంది. అనుభవించినవాళ్ళు చెప్పేది కాదనడానికి మనమెవరం?

ఇంకో వైపువాళ్ళు అంటారు: తుపాకి లేకుండానే వచ్చినవి చూడండి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు ఇవ్వకూడదని చెప్పింది. అది కోర్టులో గెలిచిన కేసు. 2006 అటవీ హక్కుల చట్టం దేశమంతా అడవి జనం సంఘాలు కట్టి, ఢిల్లీ దాకా నడిచి తెచ్చుకున్నది. ఇదీ నిజమే.

మనం చెప్పేది మూడో మాట. హక్కు ఎట్లా వచ్చింది అన్నది ఒక ప్రశ్న, అది ఎట్లా నిలుస్తుంది అన్నది వేరే ప్రశ్న. సర్కారును భయపెట్టి చట్టం చేయించడం తుపాకికి చేతనవుతుందేమో గాని, ఆ చట్టాన్ని ఊళ్ళో అమలు చేయించడం దానికి చేతకాదు. కారణం తుపాకి బతికే పద్ధతిలోనే ఉంది. దానికి రహస్యం కావాలి. ఎవరు మనవాడు, ఎవరు కాదు అన్న అనుమానం కావాలి. దాన్ని వేటాడే బలగానికి కూడా ఇవే కావాలి. చట్టం నిలవాలంటే వీటికి పూర్తిగా ఎదురైనవి కావాలి: అందరి ముందు సభ, పేరు రాసిన దరఖాస్తు, సంతకం, వేలిముద్ర, పెద్దమనిషిని నిలబెట్టి అడిగే చెల్లెలు.

రెండు తుపాకుల మధ్య ఉన్న ఊరు ఏం నేర్చుకుంది? రాత్రి ఒకరు వచ్చి పోలీసులు వచ్చారా అని అడిగారు. పగలు ఇంకొకరు వచ్చి దళం వచ్చిందా అని అడిగారు. ఇద్దరికీ ప్రాణం కాపాడే జవాబు ఒక్కటే: “మాకు తెల్వదు సారూ.” “మాకు తెల్వదన్నా.” చిన్నపిల్లలకు కూడా తల్లులు ముందు నేర్పింది ఈ మాటే. అన్నం పెట్టినందుకు ఒకరిని కొట్టారు, పెట్టనందుకు ఇంకొకరిని కొట్టారు. ఇన్‌ఫార్మర్ అని ఒకరిని చంపారు, కొరియర్ అని ఇంకొకరిని చంపారు. ఆ ఇద్దరూ ఒకే గూడెం, చాలాసార్లు ఒకే ఇంటిపేరు. బస్తర్‌లో 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆదివాసి చేతికే తుపాకి ఇచ్చి ఆదివాసి మీదికి పంపారు. 2011 జులైలో సుప్రీంకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అప్పటికే ఎన్నో గూడేలు గోదావరి దాటి ఇటు వచ్చేశాయి. గొత్తికోయలని మనం పిలిచే ఆ జనం ఇప్పటికీ ములుగు, భద్రాద్రి అడవుల్లో ఏ కాగితమూ లేకుండా బతుకుతున్నారు. వాళ్ళ విషయంలో ఏ యుద్ధం ముగిసిందని చెబుదాం?

మన దృష్టిలో ఈ విప్లవం వెనుక వదిలిన అన్నిటికంటే లోతైన ఫలితం ఈ “మాకు తెల్వదు”. అది ప్రాణం కాపాడిన మాట. దాన్ని ఎవరూ చులకన చెయ్యకూడదు. కాని తుపాకి పోయిన తర్వాత కూడా అది మన నోట్లో మిగిలిపోతే, మన భూమిని మనమే వదులుకున్నట్టు అవుతుంది.

గోదావరికి ఇవతల

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. గోదావరి ఆవల పాత ఆదిలాబాద్ జిల్లా ఏజెన్సీ గ్రామాల్లో ఐదో షెడ్యూలు ఉంది, 1/70 ఉంది, 1996 నాటి పెసా చట్టం ఉంది. ఇవతల పాత కరీంనగర్ జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. రామగిరి గుట్టల చుట్టూ, మంథని అడవి అంచున ఉన్న నాయకపోడు, కోయ కుటుంబాలకు ఆ మూడింటిలో ఏదీ వర్తించదు. ఏరు దాటితే గిరిజనుడి భూమికి కాపలా ఉంది, ఇవతల అదే గిరిజనుడి భూమి బజారు సరుకు. రామగిరి ఖిల్లా కాకతీయుల నుంచి కుతుబ్‌షాహీల దాకా, నిజాము దాకా ఎన్నో చేతులు మారింది. గుట్ట కింద ఉన్నవాళ్ళ పేరు మాత్రం ఏ చేతిలోని దస్తావేజులోకీ ఎక్కలేదు.

అయితే అటవీ హక్కుల చట్టానికి ఈ ఏటి గీత లేదు. అడవి మీద బతికే షెడ్యూల్డు తెగలవాళ్ళు ఎక్కడ ఉన్నా అది వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందునుంచి సాగులో ఉన్న పోడుకు హక్కు అడగవచ్చు. అడవిలోని కుంట, తునికాకు, మేత, దేవుడి గుట్ట వంటివాటి మీద ఊరంతా కలిసి హక్కు అడగవచ్చు. విచారణ పూర్తికాకుండా ఖాళీ చేయించకూడదని అందులోనే రాసి ఉంది. ఈ పని మొదలుపెట్టాల్సింది కలెక్టరు కాదు, రేంజరు కాదు, గ్రామసభ. 2023లో మన రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. ఊరుమ్మడి హక్కుల సంగతి దీనికి ఎంతో వెనుకబడి ఉంది.

ఆ చట్టం నియమాల్లో ఒక మాట ఉంది. దాన్ని ప్రతి ఉపాధ్యాయుడూ పిల్లలకు చదివి వినిపించాలి. హక్కుకు సాక్ష్యంగా సర్కారు కాగితమే ఉండాలని లేదు. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసి ఇస్తే అదీ సాక్ష్యమే. పాత ఇంటి గోడ, గట్టు, బావి, బొందలగడ్డ, దేవతను నిలిపిన చోటు, ఇవన్నీ సాక్ష్యాలే. ఇటువంటివి ఒకటికి మించి చూపాలి. అంటే ఈ దేశపు చట్టం మొదటిసారి మన ముసలవ్వ జ్ఞాపకాన్ని పట్వారీ పహాణీ పక్కన కూర్చోబెట్టింది.

అటువంటి గ్రామసభలో అధికారి వచ్చి, ఈ చేను ఎప్పటినుంచి ఉంది అని అడిగితే, ముప్ఫై ఏళ్ళ అలవాటుతో ఆ అవ్వ “మాకు తెల్వదు సారూ” అంటే ఏమవుతుంది? అంత పోరాటం, అంత చావు, అన్ని చట్టాలు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతాయి. ఆమె “మాకెరుకే. మా అత్త ఇక్కడ జొన్న కోసింది. ఆ ఇప్పచెట్టు కింద మా మామను పూడ్చినం” అంటే, రాసేవాడు రాయకతప్పదు.

జ్ఞాపకం ఎవరిది

ఇంద్రవెల్లి స్థూపం కథ అందరికీ తెలిసిందే. 1983లో కట్టారు, 1986లో కూల్చేశారు, తర్వాతి ఏడు మళ్ళీ కట్టారు. ఏళ్ళ తరబడి ఏప్రిల్ 20 వస్తే అక్కడ 144 సెక్షన్ పెట్టి, పువ్వు పెట్టడానికి కూడా జనాన్ని రానివ్వలేదు. 2024లో సర్కారే అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేసింది. జోడేఘాట్‌లో మ్యూజియం వచ్చింది, భీము పేరు మీద జిల్లా వచ్చింది. ఇవి చిన్న విషయాలు కావు, వద్దనడం లేదు. అయినా జాగ్రత్తగా ఉండాలి. విగ్రహం దండ అడుగుతుంది, భూమి అడగదు. భీము అడిగిన పన్నెండు ఊళ్ళ సంగతి ఏమైందని అడగని భీము జయంతి, విప్లవం ముగిసిందని చెప్పడానికి ఇంకో పద్ధతి అంతే.

చనిపోయినవాళ్ళ లెక్క కూడా మన చేతిలో ఉండాలి. పార్టీ వాళ్ళకు వాళ్ళ అమరుల జాబితా ఉంది, పోలీసులకు వాళ్ళ అమరుల జాబితా ఉంది. ఇన్‌ఫార్మర్ పేరుతో పోయినవాడు, అడవికి తునికాకు కోసం పోయి పేలుడులో కాలు పోగొట్టుకున్నామె, ఎవరో తెలియకుండా పూడ్చిపెట్టిన పిల్లగాడు ఏ జాబితాలోనూ లేరు. వాళ్ళకు మన గూడెంలోనే చోటు ఉండాలి. మన తెగల్లో చనిపోయినవాళ్ళకు రాయి నిలిపే ఆచారం ఉంది. రాయి నిలిపేటప్పుడు వాడు ఏ జెండా కింద పోయాడని మన పూర్వీకులు అడగలేదు.

ముగిసిందని ఎవరు చెప్పాలి

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. 1940లో ముగిసిందని నిజాము చెప్పాడు. 1951లో పార్టీ చెప్పింది. 1970లో పోలీసులు చెప్పారు. ఇప్పుడు సర్కారు చెబుతున్నది, ఆయుధం దించిన నాయకులు తమ మాట తాము చెబుతున్నారు. ఎనభై ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట చెప్పమని గూడేన్ని ఎవరూ అడగలేదు. మొదలుపెట్టిన ప్రశ్నలు మనవి: ఈ చేను ఎవరిది, ఈ అడవి ఎవరిది, మా మాటకు విలువ ఎంత. ముగింపు కూడా మనమే చెప్పాలి. ఒక గ్రామసభలో అవ్వ ఎవరి వైపూ బెదిరి చూడకుండా “మాకెరుకే” అని, ఆ మాట కాగితం మీదికి ఎక్కి, ఆ కాగితానికి విలువ దక్కిన రోజున, ఆ ఊరి వరకు విప్లవం ముగిసినట్టు. అప్పటిదాకా కాల్పులు ఆగినట్టు మాత్రమే. కాల్పులు ఆగడం మంచిదే. మన పిల్లలు బతుకుతారు. బతికిన పిల్లలకు పని ఉంది.

ఆ పని పెద్దదేమీ కాదు, విసుగు పుట్టించేది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పెద్దవాళ్ళ పక్కన కూర్చొని పోడు సరిహద్దు, వాగు పేరు, బొందలగడ్డ, పాత గూడెం ఆనవాళ్ళు అడిగి రాయండి. గోండిలో, కోయలో చెబితే అట్లాగే రాసి, పక్కన తెలుగు రాయండి. చెప్పినవాళ్ళ పేరు, తేదీ వెయ్యండి, ఇద్దరి సంతకాలు తీసుకోండి. ఉపాధ్యాయ మిత్రులు దాన్నే ప్రాజెక్టు పనిగా ఇవ్వవచ్చు. అటవీ హక్కుల చట్టం తెలుగులో ఒక ప్రతి బడిలో ఉంచవచ్చు. గ్రామసభ జరిగే రోజున పెద్ద తరగతి పిల్లలను వెనుక వరసలో కూర్చోబెట్టవచ్చు. అవ్వ చెప్పేది మొదట ఒకటి రెండు మాటలే ఉంటుంది. తొందరపెట్టకండి. అంత కాలం మూసుకున్న నోరు తెరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది. పక్కన ఒక మనవరాలు కలం పట్టుకొని కూర్చుంటే ఆమె చెబుతుంది.